ప్రధాన సంఖ్యలు, వాటి అంకెలు: మా ట్యూషన్‌లో తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలికి నడిచి వెళ్లేంత దూరంలో, సాయంత్రం పూట లెక్కలు చెబుతుంటాను. ఆరో తరగతి పిల్లల నుంచి డీఎస్సీకి చదివే పెద్దవాళ్ల దాకా వస్తారు. ప్రధాన సంఖ్యల పాఠం మొదలైందంటే ప్రశ్నలకు అంతు ఉండదు. వాటిలో సగానికి సగం సంఖ్య గురించి కాదు, దాని అంకెల గురించి. ఏటేటా అవే ప్రశ్నలు వస్తున్నాయి కనుక జవాబులన్నీ ఒకచోట రాసి పెట్టాను.

ప్రధాన సంఖ్య అంటే ఏమిటి?

పలాస జీడిపప్పు ఒక గుప్పెడు తీసి బల్ల మీద వరుసలుగా పేర్చండి. 12 పలుకులు ఉంటే మూడేసి చొప్పున నాలుగు వరుసలు చేయవచ్చు, ఆరేసి చొప్పున రెండు వరుసలు చేయవచ్చు. 13 ఉంటే ఒకే పొడవాటి వరుస తప్ప వేరే దారి లేదు. ఎలా విడగొట్టినా కొన్ని పలుకులు మిగిలిపోతాయి. 1తోనూ, తనతోనూ తప్ప మరే సంఖ్యతోనూ శేషం లేకుండా భాగించడానికి లొంగని, 1 కంటే పెద్దదైన సంఖ్య ప్రధాన సంఖ్య. లొంగేవి సంయుక్త సంఖ్యలు. 100 లోపు ప్రధాన సంఖ్యలు 25 ఉన్నాయి. ఇవి ఎక్కడా ఆగిపోవని సుమారు 2,300 ఏళ్ల కిందటే యూక్లిడ్ నిరూపించాడు.

మరి 1 ఏం పాపం చేసింది?

పాపమేమీ చేయలేదు. 12ను ప్రధాన సంఖ్యల లబ్ధంగా రాయమంటే 2×2×3 అని ఒక్క విధంగానే రాయగలం. 1ని కూడా ఆ పంక్తిలో కూర్చోబెడితే 1×2×2×3, 1×1×2×2×3 అంటూ ఎన్ని విధాలుగానైనా రాయవచ్చు. ఒక్క విధంగానే రాయగలగడం గణితంలో చాలా విలువైన విషయం. దాన్ని కాపాడుకోవడానికి 1ని పక్కన పెట్టారు.

అంకె, సంఖ్య ఒకటే కదా, ఎందుకు వేరు చేసి చెబుతారు?

పేరు, మనిషి ఒకటేనా? అలాగే ఇదీ. 13ను పాత తెలుగు అంకెల్లో ౧౩ అని రాస్తాం. గీత మారింది, జీడిపప్పు పలుకులు మారలేదు. ఇప్పుడు గుడ్లు లెక్కపెట్టినట్టు డజన్లలో లెక్కపెట్టండి: ఒక డజను, పైన ఒకటి. ఆ పద్ధతిలో అదే 13ను 11 అని రాయాలి. అంకెలు పూర్తిగా మారిపోయాయి, పలుకులు మాత్రం అవే. అవి ఇప్పుడూ వరుసలకు లొంగవు.

కనుక ప్రధానత్వం పలుకులకు చెందినది, అంకెలు మన అలవాటుకు చెందినవి. రెండు చేతులకూ కలిపి పది వేళ్లు ఉన్నాయి గనుక పదేసి కట్టలు కడుతున్నాం. ఈ పేజీలోని చాలా విశేషాలు సంఖ్యవి కావు, ఆ పది కట్టవి. అయినా వాటిలో కొన్ని ఎంతో లోతుకు తీసుకుపోతాయి, కొన్ని వట్టి సరదా. ఏది ఏదో తెలుసుకుంటే చాలు.

చివరి అంకె చూసి ప్రధాన సంఖ్య అని చెప్పేయవచ్చా?

కాదని చెప్పవచ్చు, ఔనని చెప్పలేం. చివర 0, 2, 4, 6, 8 ఉంటే 2తో పోతుంది (శేషం లేకుండా భాగింపబడుతుంది), 0 లేదా 5 ఉంటే 5తో పోతుంది. అందువల్ల 2, 5 అనే రెండింటిని వదిలేస్తే ప్రతి ప్రధాన సంఖ్యా 1, 3, 7, 9లలో ఏదో ఒకదానితోనే ముగుస్తుంది. కానీ అలా ముగిసినంత మాత్రాన ప్రధాన సంఖ్య కాదు. 51 అంటే 3×17, 57 అంటే 3×19, 119 అంటే 7×17. అన్నిటికంటే ఎక్కువ మందిని ముంచేది 91. చూడడానికి అమాయకంగా ఉంటుంది, నిజానికి 7×13. ఒక గైడులో దాన్ని ప్రధాన సంఖ్యల పట్టికలో అచ్చు వేయడం నేను కళ్లారా చూశాను. పదమూడో ఎక్కం రాకపోతే అంతే సంగతులు.

ఆ నాలుగు అంకెల్లో ఏది ఎక్కువగా వస్తుంది?

100 లోపు లెక్కిస్తే 1తో ముగిసేవి 5, 3తో ముగిసేవి 7, 7తో ముగిసేవి 6, 9తో ముగిసేవి 5. దీన్ని చూసి 3 గెలిచిందని పిల్లలు కేకలు వేస్తారు. పోనుపోను నాలుగూ సమానం అవుతాయి. ఎంత దూరం పోతే అంతగా ఒక్కొక్కదానికి నాలుగో వంతు దక్కుతుంది. ఇది 1837లో జర్మన్ గణితజ్ఞుడు డిరిక్లే మొదలుపెట్టిన దారిలో నిరూపణకు చేరింది.

అసలు వింత ఇక్కడ కాదు. వరుసగా వచ్చే రెండు ప్రధాన సంఖ్యల చివరి అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి. ఒకటి 1తో ముగిస్తే తర్వాతిది కూడా 1తోనే ముగిసే అవకాశం నాలుగో వంతు ఉండాలి కదా. మొదటి పది కోట్ల ప్రధాన సంఖ్యల్లో అది సుమారు 18.5 శాతమే. 3తో గాని 7తో గాని ముగియడం చెరి 30 శాతం, 9తో ముగియడం 22 శాతం. ఇప్పుడు చెప్పిన అంకెనే వెంటనే మళ్లీ చెప్పడానికి ప్రధాన సంఖ్యలు మొహమాటపడుతున్నట్టు ఉంటుంది. ఈ సంగతిని 2016లో స్టాన్‌ఫర్డ్‌లో ఉన్న కన్నన్ సౌందరరాజన్, రాబర్ట్ లెమ్కే ఆలివర్ బయటపెట్టారు. పదికి బదులు వేరే కట్ట కట్టినా ఇదే మొహమాటం కనిపిస్తుందని కూడా చూపారు. అంటే ఇది మన వేళ్ల వల్ల వచ్చింది కాదు. ఇంత పాత విషయంలో ఇంత చిన్న సంగతి అంతకాలం ఎవరి కంటా గట్టిగా పడకపోవడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

అంకెలన్నీ కూడితే ఏమైనా తెలుస్తుందా?

తెలుస్తుంది, అదీ కాదని చెప్పడానికే. అంకెల మొత్తం 3తో భాగింపబడితే ఆ సంఖ్య కూడా 3తో భాగింపబడుతుంది. 10 అంటే 9+1, 100 అంటే 99+1, 1000 అంటే 999+1. ఆ తొమ్మిదులన్నీ 3కు సులువుగా లొంగుతాయి, మిగిలేది అంకెల మొత్తమే. కాబట్టి 3ను మినహాయిస్తే ఏ ప్రధాన సంఖ్య అంకెలు కూడినా 3, 6, 9, 12 లాంటివి రావు.

దీనివల్ల ఒక వినోదం ఉంది. 1 నుంచి 9 వరకు అన్ని అంకెలనూ ఒక్కొక్కసారి వాడి ప్రధాన సంఖ్య చేయమని ఏ పిల్లవాడికైనా చెబితే సాయంత్రమంతా ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది. ఎలా మార్చి రాసినా మొత్తం 45, అంటే 3తో పోతుంది. 1 నుంచి 8 వరకు వాడినా మొత్తం 36, అదే గతి. 1 నుంచి 7 వరకు వాడితే మొత్తం 28, కనుక ఆశ ఉంది. అలా వచ్చే వాటిలో అతి పెద్ద ప్రధాన సంఖ్య 7652413.

బండి నంబరు టోటల్ తొమ్మిది రావాలంటున్నారు. అది ప్రధాన సంఖ్య అవుతుందా?

ఎన్నటికీ కాదు. తొమ్మిది టోటల్ కోసం డబ్బు కట్టి తెచ్చుకున్న ప్రతి నంబరూ 9తో భాగింపబడుతుంది. అదృష్టం సంగతి నేను చెప్పలేను గాని, ఆ నంబరు ప్రధాన సంఖ్య కాదని మాత్రం చూడకుండా చెప్పగలను. పాత బళ్ల మీద శ్రీకాకుళానికి 30, విజయనగరానికి 35 ఉండేవి. రెండూ 5తో పోయేవే. అక్కడే తేలిపోయింది మన రాత.

రహదారులకు మాత్రం ఒకప్పుడు మంచి రోజులు ఉండేవి. మా ఊరి పక్క నుంచి పోయే జాతీయ రహదారి నంబరు 5, విజయనగరం నుంచి సాలూరు మీదుగా పైకి పోయేది 43. రెండూ ప్రధాన సంఖ్యలే. తర్వాత దేశమంతటా నంబర్లు మార్చినప్పుడు అవి 16, 26 అయ్యాయి.

శ్రీకాకుళం పిన్ కోడ్ ప్రధాన సంఖ్య అని చెబుతుంటారు, నిజమేనా?

నిజం. 532001 ప్రధాన సంఖ్య. ఈ ఒక్క జవాబు చెప్పేటప్పుడు నా ఛాతీ కొంచెం విప్పారుతుంది, క్షమించండి.

ఎలా తెలిసిందంటే, చేతితో భాగించి చూశాను. 532000 వరకు అన్నిటితో భాగించనక్కర్లేదు. ఒక సంఖ్య రెండు సంఖ్యల లబ్ధం అయితే వాటిలో చిన్నది దాని వర్గమూలాన్ని దాటదు. 532001 వర్గమూలం 729 పైన కొద్దిగా ఉంటుంది. అంటే 2 నుంచి 727 వరకు ఉన్న ప్రధాన సంఖ్యలతో భాగిస్తే చాలు. అవి 129. చివరి అంకె 1 గనుక 2, 5లతో భాగించే పని లేదు. అంకెల మొత్తం 11 గనుక 3తోనూ పని లేదు. 7తో భాగిస్తే శేషం 1, 13తో 2, 17తో 3. ఇలా రెండు సాయంత్రాలు కూర్చున్నాను. 461 దగ్గర శేషం 7 వచ్చింది, 577 దగ్గర మళ్లీ 7 వచ్చింది. అంత దగ్గరగా వచ్చినప్పుడల్లా గుండె ఆగినంత పని అయ్యేది. 727తో శేషం 564 వచ్చాక పెన్ను కింద పెట్టాను. ఆ తర్వాత కంప్యూటర్‌తో సరిచూస్తే అది కన్ను మూసి తెరిచేలోగా అదే మాట చెప్పింది. నాకేమీ చిన్నతనం అనిపించలేదు.

తిరగేస్తే మాత్రం 100235, చివర 5. అన్ని సుఖాలూ ఒకరికే ఉండవు.

మరి విజయనగరం?

అక్కడ వాడే పిన్ కోడ్‌లలో 535001 ఉంది. చివర 1, అంకెల మొత్తం 14, పైకి నిక్షేపంగా ఉంది. విజయనగరం నుంచి రోజూ రైలెక్కి ఆమదాలవలసలో దిగి వచ్చే ఒక విద్యార్థి పంతం పట్టి దాన్ని పరీక్షించాడు. పదిహేనో ప్రధాన సంఖ్య దగ్గర దొరికిపోయింది: 535001 = 47×11383. అతను మూడు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. 11383 కూడా ప్రధాన సంఖ్యే అని, కనుక విజయనగరం చేతిలో ఒకటికి రెండు ఉన్నాయని నాలుగో రోజు వచ్చి వాదించాడు. వాదన బాగుందని ఒప్పుకున్నాను.

తిరగేసి చదివినా ప్రధాన సంఖ్యలే అయ్యేవి ఉన్నాయా?

ఉన్నాయి. మా ఊళ్లో ఏడు రోడ్ల కూడలి, విజయనగరంలో మూడు లాంతర్ల కూడలి. మేము ముందు రాస్తే 73, వాళ్లు ముందు రాస్తే 37. రెండూ ప్రధాన సంఖ్యలే, ఇందులో గొడవకు తావు లేదు. రెండంకెల్లో ఇలాంటి జంటలు నాలుగు: 13-31, 17-71, 37-73, 79-97.

ఎటు నుంచి చదివినా ఒకటిగానే ఉండే ‘వికటకవి’ సంఖ్యలు ఇంకా ముచ్చటైనవి. 101, 131, 151, 181, 191, 313, 353 ఇలా మూడంకెల్లో 15 ప్రధాన సంఖ్యలు ఉన్నాయి. నాలుగంకెల్లో ఎన్ని ఉన్నాయని అడుగుతారు. ఒక్కటీ లేదు. వెతికి దొరకక చెప్పడం కాదు, ఉండడానికి వీల్లేదు. అటూ ఇటూ ఒకే అంకె, మధ్యలో ఇంకో అంకె రెండుసార్లు ఉంటే ఆ సంఖ్య విలువ మొదటి అంకెకు 1001 రెట్లు, రెండో అంకెకు 110 రెట్లు కలిపినంత. 1001 అంటే 11×91, 110 అంటే 11×10. కాబట్టి మొత్తం 11తో పోతుంది. ఆరంకెలు, ఎనిమిదంకెలు అయినా ఇదే కథ. సరిసంఖ్యలో అంకెలున్న వికటకవి ప్రధాన సంఖ్య లోకం మొత్తానికి ఒక్కటే, అది 11. వికటకవి అనే మాటలో అక్షరాలు అయిదు కావడం అదృష్టం.

అన్నీ ఒకట్లే ఉన్న ప్రధాన సంఖ్యలు ఉన్నాయా?

11 తర్వాత చాలా దూరం పోవాలి. 111 అంటే 3×37, 1111 అంటే 11×101, 11111 అంటే 41×271, ఏడు ఒకట్లు అంటే 239×4649. ఒకట్ల సంఖ్య సంయుక్తమైతే మొత్తం కూడా సంయుక్తమే. 15 ఒకట్లు రాస్తే అవి 111ని అయిదుసార్లు వరుసగా రాసినట్టే కదా. కానీ ఒకట్ల సంఖ్య ప్రధానమైతే అదీ ప్రధానమని భరోసా లేదు. 2 ఒకట్లు, ఆపైన 19, 23, 317, 1031 ఒకట్లు ఉన్నప్పుడు ప్రధాన సంఖ్యలు వస్తాయి.

31, 331, 3331 అన్నీ ప్రధాన సంఖ్యలే. ఈ వరుస ఎప్పటికీ ఇలాగే సాగుతుందా?

ఈ ప్రశ్న కోసం నేను ఏడాదంతా ఎదురు చూస్తాను. 31 ప్రధానం. 331, 3331, 33331 ప్రధానం. 333331, 3333331, 33333331 కూడా ప్రధానమే. ఏడుసార్లు వరుసగా నెగ్గింది. చేతులెత్తమంటే క్లాసులో అందరూ ఎత్తుతారు. అప్పుడు బల్ల మీద 333333331 రాసి 17తో భాగించమంటాను. సరిగ్గా 19607843 వస్తుంది, శేషం సున్నా.

దీనికి కారణం చెప్పకపోతే అది గారడీ అవుతుంది. ఒక 3 ముందు చేర్చిన ప్రతిసారీ 17తో భాగించినప్పుడు వచ్చే శేషం మారుతూ పోతుంది. శేషాలు 0 నుంచి 16 వరకే ఉండాలి గనుక ఎక్కడో ఒకచోట చక్రం తిరిగి మొదటికి వస్తుంది. ఈ వరుసలో ఆ చక్రం 16 మెట్లది. తొమ్మిది అంకెలప్పుడు సున్నా తగిలింది, మళ్లీ 25 అంకెలప్పుడు, 41 అంకెలప్పుడు తగులుతుంది. అంటే 17 ఒక్కటే చాలు, ఈ వరుసను పదేపదే తెంచడానికి. ఏడు ఉదాహరణలు ఉదాహరణలే, నిరూపణ కాదు. ఆ రోజు క్లాసులో ఈ మాట నేను నోటితో చెప్పను, 17 చెబుతుంది.

ఒక్కొక్క అంకె తీసేస్తున్నా ప్రధాన సంఖ్యగానే మిగిలేవి ఉన్నాయట కదా?

73939133 తీసుకోండి. కుడి నుంచి ఒక్కొక్కటి చెరిపేస్తూ పోండి: 7393913, 739391, 73939, 7393, 739, 73, 7. అన్నీ ప్రధాన సంఖ్యలే. ఇలాంటివి మొత్తం 83 ఉన్నాయి, వాటిలో పెద్దది ఇదే. దీని పక్కన 1, 3, 7, 9లలో ఏది చేర్చినా సంయుక్తమే అవుతుంది. ఎడమ నుంచి చెరిపేవి ఇంకా పొడుగు పెరుగుతాయి. వాటిలో అతి పెద్దది 24 అంకెల 357686312646216567629137. ఇవన్నీ పదేసి కట్టలు కట్టే మన అలవాటుకు పుట్టిన పిల్లలు, లోతైన సిద్ధాంతం ఏమీ లేదు. కానీ అందంగా లేవని ఎవరంటారు?

దీనికి ఎదురు స్వభావం 294001ది. అందులో ఏ ఒక్క అంకెను ఇంకో అంకెగా మార్చినా ప్రధానత్వం పోతుంది. ఇంత సున్నితమైన వాటిలో ఇదే అతి చిన్నది. ఇలాంటివి అనంతంగా ఉన్నాయని 1979లో పాల్ ఎర్డిష్ నిరూపించారు.

అంకెల మీద పెద్ద గణితజ్ఞులు నిజంగా పని చేస్తారా, లేక ఇదంతా కాలక్షేపమేనా?

చేస్తారు. ఒక అంకెను, 7 అనుకుందాం, అసలు వాడకుండా రాయగల ప్రధాన సంఖ్యలు అనంతంగా ఉన్నాయా అన్నది వినడానికి చిన్నపిల్లల ప్రశ్న. కానీ పెద్ద సంఖ్యల్లో 7 లేనివి చాలా అరుదు. నూరు అంకెల సంఖ్యల్లో అవి లక్షకు మూడు కూడా ఉండవు. అంత పలచటి గుంపులోనూ ప్రధాన సంఖ్యలు అనంతంగా ఉన్నాయని బ్రిటన్‌కు చెందిన జేమ్స్ మేనార్డ్ నిరూపించారు. 7 బదులు ఏ అంకెను నిషేధించినా ఇదే ఫలితం. ఆయనకు 2022లో గణితంలో అతి పెద్ద గౌరవాల్లో ఒకటైన ఫీల్డ్స్ పతకం వచ్చింది.

ఇంకొకటి. ప్రధాన సంఖ్యల అంకెల మొత్తం సరి సంఖ్య అవడం, బేసి సంఖ్య అవడం సగం సగం ఉంటాయా? 1968లో రష్యన్ గణితజ్ఞుడు అలెగ్జాండర్ గెల్ఫోండ్ లేవనెత్తిన ఈ ప్రశ్నకు, ఉంటాయని ఫ్రాన్స్‌కు చెందిన మోదుయి, రివా నిరూపణ ఇచ్చేసరికి 2010 వచ్చింది. కూడిక వస్తే ప్రశ్న అర్థమవుతుంది, జవాబుకు నలభై ఏళ్లు పట్టింది.

అతి పెద్ద ప్రధాన సంఖ్య చివరి అంకె ఏది?

అతి పెద్దది అంటూ ఉండదు, కనిపెట్టిన వాటిలో పెద్దది ఉంటుంది. 2024 అక్టోబరులో ప్రకటించిన దానిలో 4,10,24,320 అంకెలు ఉన్నాయి. పేజీకి 3,000 అంకెల చొప్పున అచ్చు వేస్తే 13,675 పేజీలు కావాలి. 2ను 136279841 సార్లు వేసి గుణించి, వచ్చినదాంట్లో 1 తీసేస్తే అది వస్తుంది. అంత పుస్తకం తిరగేయకుండానే చివరి అంకె చెప్పవచ్చు. 2 ఘాతాల చివరి అంకెలు 2, 4, 8, 6 అని చక్రం తిరుగుతాయి. 136279841ని 4తో భాగిస్తే శేషం 1, కనుక చివర 2 ఉంటుంది. 1 తీసేస్తే 1.

మా ఊరి పిన్ కోడ్ నేనే పరీక్షించుకోవాలంటే?

శుభవార్త ఏమిటంటే, 727 తర్వాత వచ్చే ప్రధాన సంఖ్య 733, దాని వర్గం 537289. కాబట్టి 532తో మొదలైనా, 535తో మొదలైనా, నేను వాడిన ఆ 129 ప్రధాన సంఖ్యలే సరిపోతాయి. ఒక్క కాగితం రెండు జిల్లాలకూ పనికి వస్తుంది. బొబ్బిలి 535558 సరి సంఖ్య, చూడగానే పోయింది. ఆమదాలవలస 532185, చివర 5. పలాస 532221, అంకెలు కూడితే 15. టెక్కలి 532201 కాస్త సతాయించింది, 103 దగ్గర పట్టుబడింది: 103×5167. నరసన్నపేట 532421ను మీకు వదిలేస్తున్నాను. చివర 1, అంకెల మొత్తం 17, 7తో భాగిస్తే శేషం 1. ఇక 11 నుంచి మొదలుపెట్టండి.